చిగుళ్ళ రంగు రబ్బరు చేపలు

మరదలికి చేప పడిన ప్రతిసారీ మిరియానికి ఒళ్ళు మండేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునే సంగతీ కాదు. పైకి "భలే పట్టావే" అనేది, మూతి మాత్రం మాట వినక ఒక పక్కకి వంకర తిరిగేది. మరదలు ఒట్టి అమాయకురాలో, మహా గడుసుదో తేల్చుకోవడానికి రెండేళ్ళు చాలలేదు.

మిరియం అసలు పేరు పడవ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడదు. మనిషి పొట్టి, కదిలిస్తే ఘాటు తెలుస్తుంది, అందుకని చిన్నప్పుడు నాన్న పెట్టిన ముద్దుపేరు అది. నలభై దాటినా వదల్లేదు. నాన్నది చేపల పిచ్చి ఉన్నవాళ్ళని ఒక రోజుకి సముద్రంలోకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పడవ. ఒడ్డు కనుమరుగయ్యాక ఇంకో గంట పోతే, నలభై బారల లోతున రాళ్ళగుట్టలు ఉంటాయి. వాటి మీద స్నాపర్ చేపలు తిరుగుతాయి. ఎర్రగా, బలంగా, నుదురు ముందుకు పొడుచుకొచ్చి, పెళ్ళిలో అలిగిన పెదనాన్నల్లా ఉంటాయి. పందొమ్మిదేళ్ళుగా మిరియం ఆ పడవలో ఎరలు కోసింది, దారాల చిక్కులు విప్పింది, డెక్కు కడిగింది, వాంతులు చేసుకునేవాళ్ళ వీపులు నిమిరింది. ఇదంతా ఏదో ఒక రోజున చుక్కాని ముందున్న కుర్చీ తనదవుతుందనే.

ఆ రోజు దగ్గరకొచ్చింది కూడా. లోతు చూపించే తెర మీద అంకెలు నాన్న కళ్ళకి అలుక్కుపోతున్నాయి. ఈ నెలాఖరుకి పడవ నడపడం ఆపెయ్యమని కళ్ళ డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. తమ్ముడి సంగతి అందరికీ తెలిసిందే, జెట్టీ మీద నిలబడ్డా వాడికి కడుపులో తిప్పుతుంది. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ హాయిగా ఉన్నాడు. ఇక మిగిలింది మిరియం ఒక్కతే. వాడు పెళ్ళి చేసుకుని ఈవిడని తీసుకురాకపోతే ఆ మాటకి తిరుగే ఉండేది కాదు.

ఈవిడ పెళ్ళికి ముందు కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేసేది. ఒకసారి సరదాకి పడవెక్కింది, మళ్ళీ దిగలేదు. ఇంటి వెనక గదిలో ప్లాస్టరు అచ్చులు పెట్టుకుని, మెత్తగా సాగే ఒక రకం రబ్బరు కరిగించి పోసి, అరచెయ్యంత చేపలు తయారుచేసేది. వాటి పొట్టకి ల్యాబులో మిగిలిన పొడి అద్దేది. కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వేసే గులాబీ రంగు అది. వాటిని మూత ఉన్న గాజు సీసాలో విడిగా దాచుకునేది, ఎవరి పెట్టెలోనూ కలపనిచ్చేది కాదు. నగలు దాచుకున్నంత బడాయి ఏమిటో అని మిరియం పళ్ళు నూరుకునేది.

మిరియానికి నాన్న నేర్పిన పద్ధతి వేరు. పిడికెడు సీసపు గుండు కట్టి, కోసిన చేపముక్క గుచ్చి, దభీమని అడుక్కి దించి కూర్చోవడం. మరదలు గచ్చకాయంత సీసం ఉన్న కొక్కేనికి రబ్బరు చేపని తొడిగి, పడవకి ముందు దూరంగా విసిరి, దారం వదిలేసేది. వదిలెయ్యడమే ఆమె పని. ఆ చేప తోక ఆడించుకుంటూ, ఒంట్లో బాగాలేనిదానిలా నెమ్మదిగా జారేది. ఆమె దారం మీద చూపుడువేలు ఆనించి ఎటో చూస్తుండేది. అడుగు ఇంకా నాలుగు బారలు ఉందనగా దారం ఆగిపోయేది, లేదా చిన్నగా ఎగిరేది. దారం చుట్టే రీలు మూసి గాలపు కర్ర ఎత్తేసరికి అవతల పెదనాన్న గింజుకుంటూ ఉండేవాడు. "పడేటప్పుడే పట్టుకుంటుంది వదినా, అడుక్కి చేరాక కాదు" అనేది, ఎవరో అడిగినట్టు.

మిరియం అడగలేదు. కానీ దుకాణంలో అలాంటివే, అంతే పొడుగువి, ఆకుపచ్చ రబ్బరు చేపలు ఒక పొట్లం కొనుక్కుని పక్కనే నిలబడింది. పద్ధతంతా చూసినట్టే చేసింది. ఒక్కటే చెయ్యలేకపోయింది: చేతులు ఊరుకోలేదు. దారం జారుతుంటే ఏదో ఒకటి చెయ్యాలనిపించేది, ఓసారి లాగేది, ఓసారి కుదిపేది. వారం రోజుల్లో రెండు పిల్లచేపలు పడ్డాయి. అదే వారం మరదలికి ముప్ఫై పైగా. దాంతో కిటుకు రబ్బరులో ఉందని మిరియం తేల్చేసుకుంది. తన చేతుల్లో లోపం ఉందనుకోవడం కన్నా అది సుఖంగా ఉంది మరి.

నాన్న మొదట్లో ఎగతాళి చేసేవాడు. రబ్బరు తినే చేప కూడా ఒక చేపేనా అనేవాడు. ఆ మాట మిరియం చెవులకి ఎంత చల్లగా ఉండేదో చెప్పలేం. ఆ తర్వాత ఎగతాళి తగ్గింది. ఓ రోజు అన్నం తింటూ, కోడలు కళ్ళతో కాదు వేలితో చూస్తుంది అన్నాడు. మిరియం కంచం పక్కకి జరిపింది. తన గురించి ఆయన పందొమ్మిదేళ్ళలో అలాంటి మాట ఒక్కటి అన్నాడా అని వెతుక్కుంది. "డెక్కు బాగా కడిగావే" అన్న మాట ఒకటి దొరికింది. పుండు మీద కారం చల్లినట్టు మరదలు పోయిన నెల పడవ నడిపే పరీక్ష రాసి పాసైంది. ఊరికే, పనికొస్తుందని రాశానంది. ఎందుకు పనికొస్తుందో మిరియానికి తెలియదా? కుర్చీ ఎవరికని తమ్ముడి చేత అడిగిస్తే నాన్న "చూద్దాం" అన్నాడు. చూడ్డానికి ఏముంది ఇందులో?

నెలాఖరు ఆదివారం నాన్న ఆఖరి ప్రయాణం. ఒక ఆస్పత్రిలో పనిచేసే ఆరుగురు నర్సులు సెలవు పెట్టుకుని మరీ వస్తున్నారు. మరదలు మనిషికి రెండేసి లెక్కన పన్నెండు చేపలు పోసి శనివారమే సీసా పడవలో పెట్టింది. ఆ మధ్యాహ్నం మిరియం డెక్కు కడగడానికి వెళ్ళింది. చుట్టూ ఎవరూ లేరు. సీసా మూత తిప్పింది, నాలుగు తీసింది, తన పెట్టెలో ఆకుపచ్చ చేపల మధ్య దాచింది, పెట్టెని ఎప్పట్లా ఇంజను మూత మీద పెట్టింది. తప్పు చేశానని అనిపించలేదు. రేపు ఇవే చేపలు తన చేత్తో వేసి, అందరి ముందూ పట్టి చూపిస్తే, గొప్ప మనిషిది కాదు రబ్బరుదని తేలిపోతుంది.

మర్నాడు పొద్దున గుట్టల మీదికి చేరాక మరదలు సీసా తెరిచి, లోపలికి చూసి, వేలితో లెక్కపెట్టి, నర్సులకి ఒక్కొక్కటే పంచింది. అందరికీ సరిపోయి సీసా ఖాళీ అయింది. అంటే ఆరే ఉన్నాయన్నమాట. ఎనిమిది ఉండాలి కదా అని మిరియానికి లోపల ఎక్కడో గుచ్చుకుంది, కానీ అది ఆలోచించే తీరిక లేదు. తన పెట్టె దగ్గరికి పోయి మూత ఎత్తింది.

లోపల చేపలు లేవు. ఉన్నది ఒక ముద్ద. ఆకుపచ్చా గులాబీ కలిసి, కరిగి, జిగురుగా సాగుతూ పెట్టెకంతా అంటుకుపోయింది. కొక్కేలు, కత్తి, పట్టకారు అన్నీ అందులోనే కూరుకుపోయాయి. పక్కనున్న పెద్ద నర్సు తొంగిచూసి, ఇదేదో మా ఆపరేషన్ గదికి తేవాల్సిన కేసులా ఉందే అంది. అందరూ నవ్వారు. మిరియం చెవులు కాలిపోయాయి. ఆ గులాబీ రంగు ఎక్కడిదో పడవలో ఉన్న ఏ గుడ్డివాడైనా చెప్పగలడు.

మరదలు వచ్చి చూసింది. "అయ్యో, నేనే ఇచ్చాను వదినకి," అంది అందరికీ వినపడేలా. "నా రబ్బరు వేరు, దుకాణం రబ్బరు వేరు. వేడిలో రెండూ తగిలితే కరిగిపోతాయి. అందుకే సీసాలో పెడతాను. చెప్పడం మర్చిపోయాను, తప్పు నాది."

తిట్టినా బాగుండేది. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. అంతమంది ముందు తన పరువు కాపాడిన ఆ గొంతు వింటుంటే మిరియానికి మరదలి పీక పిసికెయ్యాలన్నంత కోపం వచ్చింది.

ఇంతలో ఒక నర్సుకి చేప పడింది, కొక్కెం గొంతులోదాకా మింగేసింది. తన పట్టకారు ముద్దలో ఉంది కాబట్టి మిరియం చుక్కాని గదిలోకి పరిగెత్తి, కుర్చీ కిందున్న నాన్న పెట్టె లాగింది. ఆ పెట్టె ఎవరూ ముట్టుకోరు. నాన్న "ఉండు" అనేలోపే మూత తెరిచేసింది.

అందులో ఆయన ఏ కాలంలోనో కొనుక్కున్న పసుపు రంగు రబ్బరు రొయ్యలు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో ఇంకో ముద్ద ఉంది, కాస్త చిన్నది. పసుపు మధ్యలో చిగుళ్ళ రంగు. రెండు చేపలంత.

నాన్న తేలు కుట్టిన దొంగలా ముందు అద్దంలోకే చూస్తున్నాడు. చుక్కాని మీద ఆయన వేళ్ళ కొసలు గులాబీగా ఉన్నాయి. మిరియం మొదట పగలబడి నవ్వబోయింది. నాన్నకి కూడా! నాన్నకి కూడా ఓర్చుకోవడం చేతకాలేదు! ఒంటరిగా ఉడికిపోతున్న ఇన్నాళ్ళ తర్వాత తోడు దొరికినంత సంబరం కలిగింది.

"నలభై ఏళ్ళు ఈ చుక్కానే పట్టాను," అన్నాడు నాన్న మెల్లగా. "ఎలా ఉంటుందో ఒక్కసారి వేసి చూద్దామనిపించింది. అడగడానికి నోరు రాలేదు."

ఆ మాట వినాల్సిన పద్ధతిలో విని ఉంటే కథ వేరేలా ఉండేది. మిరియం వినలేదు. ఆమెకి ఒక్కటే తట్టింది, ఇప్పుడు అడిగితే ఈయన కాదనలేడు.

"కుర్చీ ఎవరికి నాన్నా?" అంది.

ఆయన కూతురి వైపు తిరిగాడు. మసకబారిన కళ్ళకి ఎంత కనపడిందో గానీ, చూడాల్సింది చూసినట్టే ఉన్నాడు.

"నీకే," అన్నాడు. "ఆ పెట్టె మూసెయ్."

సాయంత్రం జెట్టీ మీద నర్సులు చేపల సంచులతో వెళ్ళిపోయాక నాన్న ఆ మాటే అందరికీ చెప్పాడు. మిరియం గబుక్కున మరదలి మొహంలోకి చూసింది. ఆ మొహం మాడిపోవడం చూడాలని రెండేళ్ళుగా కాచుకుని ఉంది. మరదలు చప్పట్లు కొట్టి, తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేసి, సీసా కడుక్కోవడానికి కుళాయి దగ్గర కూర్చుంది. మిరియం వెనకే వెళ్ళింది, ఉండబట్టలేక.

"ఆ రంగు వేళ్ళకి అంటితే రెండు రోజులు పోదు వదినా," అంది మరదలు తలెత్తకుండానే. "మీకూ ఉంది, మామయ్యకీ ఉంది. అడిగితే ఇంకో డజను పోసి ఇచ్చేదాన్ని కదా."

మిరియం చేతులు వెనక్కి దాచుకుంది. "నీకు కుర్చీ వద్దా?" అంది.

"అందులో కూర్చుంటే కర్ర పట్టుకునేదెప్పుడు?" అని మరదలు నిజంగా అర్థంకానట్టు చూసింది. పరీక్ష ఎందుకు రాశావంటే, మీకు జ్వరమొస్తే ఎవరో ఒకరు నడపాలి కదా అంది.

పైకి అలాగే అంటుంది, లోపల కుళ్ళి ఏడుస్తుంటుంది అని మిరియం సర్దిచెప్పుకుంది. ఆ వారమంతా ఆ ఏడుపు కోసం గోడకి చెవి పెట్టినంత పని చేసింది. ఏమీ వినపడలేదు.

తర్వాతి ఆదివారం మిరియం కుర్చీలో కూర్చుంది. ఎత్తు సరిపోక దిండు వేసుకుంది. నాన్న మామూలు మనిషిలా, చేతిలో టీ ఫ్లాస్కుతో పడవెక్కాడు. గుట్టల మీదికి చేరాక పనేమిటో ఆమెకి మొదటిసారి పూర్తిగా తెలిసొచ్చింది. అంత లోతులో దారాలు నిటారుగా దిగాలంటే పడవని ఒక్క నిమిషం వదలకూడదు. ముక్కు గాలికి పెట్టి, ఇంజను కాస్త ముందుకి, కాస్త వెనక్కి అంటూ కూర్చోవాలి. రెండు చేతులకీ పని. కర్ర ముట్టుకునే వీలే లేదు.

ముందు డెక్కు మీద మరదలు తన కర్ర నాన్న చేతిలో పెట్టింది. ఆయన వేలు పట్టుకుని దారం మీద ఆనించింది.

"వదలండి మామయ్యా. ఇంకా వదలండి. ఏమీ చెయ్యొద్దు," అంటోంది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. కళ్ళతో పని లేదు కదా దానికి. దారం జారింది, జారింది, ఆగింది. ఆయన కర్ర ఎత్తాడు, అది సగానికి వంగింది, రీలు కీచుమంది. నాన్న నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా, వయసు మర్చిపోయి నవ్వాడు. మరదలు ఆయన నడుము పట్టుకుని తనూ నవ్వుతోంది. తన పక్కన నిలబడి ఆయన అలా నవ్విన రోజు ఒక్కటి కూడా మిరియానికి గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ ఒక మనిషిని చూసి కుళ్ళింది, ఇప్పుడు ఇద్దరిని చూసి.

దారం పడవ కిందికి జరుగుతోంది. ఇలాగే ఒక్క నిమిషం వదిలేస్తే చాలు, పడవ అడుక్కి రాసుకుని అదే తెగిపోతుంది. తెగిపోతే బాగుండునని మిరియం మనసారా అనుకుంది.

"కొంచెం ఎడమకి తిప్పవే," అని నాన్న వెనక్కి చూడకుండానే కేకేశాడు.

మిరియం ఎడమకి తిప్పింది.