మూడు డిగ్రీల వంకర

"నీ చెయ్యి మంచిదే అమ్మాయ్, నేను కలిపితే కుడితిలా ఉంటుంది" అంటూ అత్తగారు ఖాళీ కప్పు గట్టు మీద పెట్టేసి వెళ్ళింది. అప్పటికి కోడలు రెండో విడత కాఫీ కలుపుతోంది. "దానికి హస్తవాసి ఉండాలమ్మా" అని భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే వంత పాడాడు. ఆ ఇంట్లో ఆమె చెయ్యి మంచిదని తేలిన పనులు చాలానే ఉన్నాయి. చొక్కాల ఇస్త్రీ, మామగారి మందుల డబ్బా, కరెంటు వాళ్ళతో మాట్లాడటం, మూసుకుపోయిన సింకు. మంచిదని ఒకసారి తేలిందంటే ఇక ఆ పని మరో చేతికి వెళ్ళదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె ఎక్కువ కాపురం చేసింది మునగచెట్టు మీదే.

ఆరోజు ఆమె పనిచేసే ల్యాబులో పేటెంటు దరఖాస్తు మీద సంతకాలు. ముందురోజు ప్రింటర్ దగ్గర ఆ కాగితం ఆమె కంటపడింది. కనిపెట్టినవారు అన్న చోట రెండు పేర్లున్నాయి. ఒకటి ల్యాబు అధిపతిది, అంటే అందరూ సారు అనే ఆయనది. రెండోది ఈమధ్యే పీహెచ్‌డీ చేతపట్టుకుని వచ్చిన సహోద్యోగిది, అతన్ని అందరూ కొత్త డాక్టరంటారు. ఆమె పేరేమో, దరఖాస్తుకి జతచేసిన రిపోర్టు చివర కృతజ్ఞతల్లో, మైక్రోస్కోపు బాగుచేసిన మెకానిక్కు తర్వాత ఉంది. ఇంట్లో చెబితే భర్త, "పేరు లేకపోతే ఏం, పని నీదేనని అందరికీ తెలుసుగా" అన్నాడు. తన ఆఫీసు తలుపు మీద పేరులో ఒక్క అక్షరం తప్పు పడిందని మూడు ఉత్తరాలు రాసిన మనిషి ఆయన.

ఇంతకీ ఆ కాగితంలోని వస్తువు తపాలా బిళ్ళంత చిప్పు. గాజులా కనిపించే రబ్బరులో వెంట్రుకకన్నా సన్నటి కాలువ, కాలువ నిండా కంటికి ఆనని స్తంభాలు. రక్తంలోంచి తీసిన డీఎన్ఏ ముక్కల్ని ఒక చివర వదిలితే పొట్టివి సందు చూసుకుని తిన్నగా జారిపోతాయి, పొడుగువి స్తంభాలకు కొట్టుకుంటూ ఒక పక్కకి జరుగుతాయి. రెండో చివర రెండు నోళ్ళు. ఎడమ నోట్లోంచి పొడుగువి రావాలి, కుడి నోట్లోంచి పొట్టివి. అలా రావాలంటే స్తంభాల వరసలు కాలువకి తిన్నగా ఉండకూడదు, కొంచెం వంకరగా ఉండాలి.

ఆ వంకర కూడా ఇంటి పుణ్యమే. రెండేళ్ళ కిందట కాలువ అచ్చు మీద స్తంభాల నమూనా ఉన్న ఫిల్ము పరుస్తుంటే భర్త ఫోన్ చేశాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. "నా నీలం తువ్వాలు ఎక్కడ?" "మీ భుజం మీద చూసుకోండి." అక్కడే ఉంది. ఆ హడావుడిలో ఫిల్ము పక్కకి జరిగింది. పారేయబోయి, ఎందుకో ఒకసారి చూద్దామని నడిపింది. అంతవరకూ కలగాపులగంగా వస్తున్న ముక్కలు మొదటిసారి విడివిడిగా వచ్చాయి. తర్వాత నాలుగు నెలలు ఒక్కో డిగ్రీ వంచి చూసి, పచ్చ అట్ట పుస్తకంలో తారీఖులతో సహా రాసుకుంది. మూడు దగ్గర కుదిరింది. సారు ఆ పుస్తకం తెరవనే లేదు. "పొరపాటుని సిద్ధాంతం చెయ్యకమ్మా, వంకర సంగతి రాస్తే నవ్వుతారు. నీ చెయ్యి మంచిది, అంతే" అన్నాడు. దాంతో తయారీ పద్ధతిలో స్తంభాలు తిన్నగానే మిగిలాయి. ఎవరు చేసినా చిప్పు పనిచేసేది కాదు, ఆమె మూడు డిగ్రీలు వంచి చేస్తే పనిచేసేది. అక్కడా హస్తవాసే అన్నారు. ఆ మాట కొన్నాళ్ళు ఆమె చెవికి ఇంపుగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సంతకాల రోజున చిప్పు కొనదలచిన కంపెనీ నుంచి ఇంజనీరమ్మ వచ్చింది, మాట తక్కువ మనిషి. సంతకాలకు ముందు, రాసిన పద్ధతి ప్రకారం చేస్తే వస్తుందో లేదో చూడాలంది. కొత్త డాక్టరు అక్షరం పొల్లుపోకుండా చేశాడు. అచ్చులో పోసిన రబ్బరుని ఓవెన్‌లో గంట ఉంచి తీసి నడిపితే, పొట్టివీ పొడుగువీ కలిసికట్టుగా రెండు నోళ్ళలోంచీ వచ్చాయి. సారు నవ్వేశాడు.

"దీనికి మా మేడమ్ చెయ్యి పడాలండీ. ఆవిడ హస్తవాసి అలాంటిది. అమ్మా, ఒకటి చేసి చూపించు."

ఆమె చెయ్యి అలవాటుగా ఫిల్ము దాకా వెళ్ళింది. ఇప్పుడు చేసిపెడితే చిప్పు పనిచేస్తుంది, సంతకాలవుతాయి, సాయంత్రం కేకు తెప్పిస్తారు, కోసి పంచడానికి ఆమె చెయ్యి మంచిదంటారు. సొమ్మొకడిది సోకొకడిదని ఇంటికెళ్ళి తనలో తను గొణుక్కోవచ్చు. ఆమెకి కోపం కూడా రాలేదు, విసుగొచ్చింది. ఫిల్ము తీసి ఇంజనీరమ్మ చేతిలో పెట్టింది.

"మీరు చెయ్యండి."

"నేనా? నేనెప్పుడూ చెయ్యలేదే!"

"అందుకే మిమ్మల్ని చెయ్యమంటున్నా. స్తంభాల వరస కాలువకి మూడు డిగ్రీలు వంచి పెట్టండి. కొలుచుకోండి, ఇదుగో ప్రొట్రాక్టరు."

"మూడు డిగ్రీలేంటమ్మా? అది పద్ధతిలో లేదే!" అన్నాడు సారు.

"మీరు రాయొద్దన్నారు సార్."

గంటా పావు తర్వాత, అంతవరకూ చిప్పు చేసి ఎరగని ఆ చేతి కింద, ఎడమ నోట్లోంచి పొడుగువి, కుడి నోట్లోంచి పొట్టివి వచ్చాయి. కొత్త డాక్టరు తన చిప్పు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఈ మూడు అని తేల్చింది ఎవరు?" అడిగింది ఇంజనీరమ్మ.

"నేను" అని ఆమె పచ్చ అట్ట పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. ఇంజనీరమ్మ తారీఖులు చూసింది, దరఖాస్తు చూసింది, సారుని చూసింది. "పేర్లు సరిచేయండి. అంతవరకూ నేను సంతకం పెట్టను" అంటూ కాగితాన్నీ కలాన్నీ ఆమె వైపు జరిపింది.

సారు గొంతు సవరించుకున్నాడు. "దానికేముందమ్మా, అడుగున నీ పేరు కూడా చేరుద్దాంలే."

ఆమె ఆ రెండు పేర్లకీ పైనున్న ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా ఫోను మోగింది. ఈసారి భుజానికి ఇరికించుకోలేదు. పేరు మొత్తం రాసి, కలానికి మూత పెట్టి, అప్పుడు తీసింది.

"ఎప్పుడొస్తున్నావ్?" అన్నాడు భర్త. "అమ్మ కాఫీ అంటోంది. మేం కలిపితే రావట్లేదు, దానికి నీ చెయ్యే..."

"కాగితం తీసుకోండి" అంది ఆమె. "రెండున్నర చెంచాల పొడి. రాసుకున్నారా?"