రాజ్యం పిన్ని ఆఖరి వాక్యం

వంటింటి అటక మీదికి వేసిన నిచ్చెన ఎక్కుతున్నాను, ఎక్కేకొద్దీ మెట్లు మంచైపోతున్నాయి, నా నడుముకి కట్టిన తాడు అవతలి కొసన, మూడేళ్ళ కిందట పోయిన రాజ్యం పిన్ని బూటు ముక్కుతో మంచుని తన్ని గుంటలు చేసుకుంటూ ముందు నడుస్తోంది.

"నా అడుగులోనే అడుగు వెయ్యవే వకుళా. పక్కన వేశావంటే జారిపోతావు."

"నా కాళ్ళకి హవాయి చెప్పులు పిన్నీ!"

"వంటింటి కథలు రాసేదానికి అవే ఎక్కువ."

ఆమె నవ్వుకి ఎక్కడో కుక్కరు కూత వేస్తుంది, మంచులోంచి పోపు వాసన వస్తుంది, అదేమీ పట్టనట్టు పిన్ని ఆగి, లావుపాటి గ్లౌజులతోనే పెన్సిల్ పట్టుకుని నోటుబుక్కులో నొక్కి నొక్కి రాస్తోంది. అక్కడి చలికి పెన్ను రాయదని తను కొండలెక్కిన పుస్తకమంతా అలాగే రాసింది.

"ఆఖరి వాక్యం ఏం చేశావే?"

"చెరిపేశాను. పెళ్ళి చేసుకోకుండా కొండలెక్కినందుకు చివర్లో నువ్వు బాధపడ్డావని రాస్తేనే అచ్చుకి ఒప్పుకుంటానన్నాడు చలపతి మామయ్య."

"బాధపడ్డానా?"

"లేదు. కానీ 'నాకేమీ తక్కువ కాలేదు' అని రాశావు. మంచుకి రెండు కాలివేళ్ళు పోయాయిగా?"

"మిగతా ఎనిమిదితో ఎక్కలేదూ? పెళ్ళిచూపులకొచ్చినాయన వంట వచ్చా అంటే, పదిహేను వేల అడుగుల మీద పప్పు ఉడకదండీ అన్నాను. దానికి మా చలపతి అన్నయ్య నలభై ఏళ్ళుగా సిగ్గుపడుతున్నాడు. పోయాక కూడా ఆ సిగ్గు నేనే మొయ్యాలా?"

"ఆయన కాదంటే పుస్తకం రాదేమో పిన్నీ."

"రాకపోనీ. నేను అనని మాటతో మాత్రం రాకూడదు. నోటుబుక్కు నీ చేతిలో పెట్టాను, వాడి చేతిలో కాదు. నడు!"

తాడు గట్టిగా లాగుతుంది, చెప్పు జారుతుంది, నేను ఆమె చేసిన గుంట కోసం కాలితో వెతుకుతున్నాను.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం. బల్ల మీదే తల వాల్చి నిద్రపోయాను. చెంపకి రబ్బరు పొడి అంటుకుంది. పక్కన ఫోన్ మోగుతోంది, చలపతి మామయ్య. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతున్న ఆఖరి పేజీలో, నేను చెరిపేసిన చోట, గ్లౌజు చేత్తో నొక్కి రాసిన అక్షరాలు గుంటలుగా అలాగే ఉన్నాయి: నాకేమీ తక్కువ కాలేదు.

ఫోన్ మోగనిచ్చి, పెన్సిల్ మొన మొదటి గుంటలో పెట్టాను.