ఇరుకు దారిలో దివిటీ అవ్వ

ఆవిరి గొట్టం మరను ఆమె మూడోసారి తడిమి చూసింది. బిగుసుకునే ఉంది. అయినా ఇంకాస్త బిగించి, చేతి తడిని కొంగుకు తుడుచుకుని, తెల్ల దుప్పటిని ఇస్త్రీ బల్ల మీద పరిచింది. పందొమ్మిదేళ్లుగా అదే లాండ్రీ, కిటికీ లేని అదే గది. మణికట్టు నిండా కాలిన మచ్చలు.

"మరకి నాడి చూస్తున్నావా, వదినా?" అంది పక్క బల్ల మనిషి.

"నవ్వు, నవ్వు. మూసిన గదిలో ఆవిరికి పోయే దారుండదు. మన మీదికే వస్తుంది."

సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల మీద గళ్ల కాగితం పరిచారు. తలా ఒక పాత్ర అయి, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట అది. ఆమె తమ్ముడు సొరంగాలు గీసి కథ నడిపిస్తాడు. కూతురు మంత్రగత్తె, గులాబీ రంగు రబ్బరు ముక్క ఆమె పావు. ఈ ఆటలో పిల్ల చెడిపోతుందేమోనని ఆరేళ్ల కిందట కాపలా కూర్చున్న తల్లి, తానూ ఆటలో కలిసిపోయింది. ఎవరో వదిలేసిన కోటు బొత్తం ఆమె పావు. దాని పేరు దివిటీ అవ్వ. వీధి దాటడానికి నాలుగుసార్లు అటూ ఇటూ చూసే మనిషి, ఆ బొత్తం పట్టుకుంటే చాలు, చీకట్లోకి అందరికంటే ముందు నడిచేది.

ఈరోజు సొరంగం ఒక్క గడి వెడల్పు. పది గడుల అవతల ఎముకల సైనికులు. మంత్రగత్తెకి ఒక్క దెబ్బ తగిలితే ప్రాణం పోతుంది.

"అగ్నిగోళం వేస్తున్నా."

"ఆగవే! సందులో వేస్తావేంటి?"

"అబ్బా, స్టవ్ వెలిగించినా వణుకుతావు నువ్వు. దూరంగానే ఉన్నారుగా. వేసేశా, మామయ్యా!"

నోరు దాటిన మంత్రం వెనక్కి రాదు. తమ్ముడి దగ్గర అదొక్కటే నియమం. అతను పెన్సిలు తీశాడు.

"గోళం ముప్పై గడులు నింపుతుంది, కోడలా. మైదానంలో అయితే చుట్టూ పరుచుకునేది. ఇక్కడ చుట్టూ రాయి. పదిహేను అటు, పదిహేను ఇటు."

కూతురు వేలితో గడులు లెక్కపెట్టింది. తాము నిలబడ్డ పదో గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"మంట వచ్చేలోపు ఒక్క వంతు ఉంది. అక్కా, నీదే."

వాళ్ల వెనకే ఇనుప తలుపు. "గడియ ఎటువైపురా?"

తమ్ముడు తలుపు గీత మీద పెన్సిలు ఆనించాడు. "సొరంగం వైపే."

"ఇద్దరం లోపలికి పోయి మూసేద్దాం, అమ్మా."

"ఊరికే మూస్తే ఆగదు. తోసుకొస్తుంది." ఆమె రబ్బరు ముక్కను గీత దాటించింది. "పిల్లని లోపలికి నెట్టాను. బయటినుంచి గడియ పెట్టాను."

"వద్దమ్మా! ఆరేళ్లుగా ఆడుతున్న అవ్వ. నేనే చచ్చిపోతాలే, ఇంకో మంత్రగత్తెని..."

"నోర్ముయ్. ఆటలో కూడా ఆ మాట అనకు."

తమ్ముడు పాచిక ఆమె ముందుకు జరిపాడు. "ఆరు పడితే బతుకుతుంది."

ఆమె దాన్ని గుప్పిట్లో చాలాసేపు పట్టుకుంది. వేసింది.

మూడు.

 పెన్సిలు ఒక్కో గడినీ నల్లగా నింపుకుంటూ వచ్చి, బొత్తం చుట్టూ జాగ్రత్తగా తిరిగి, తలుపు గీత దగ్గర ఆగింది.

ఆమె లేచి వెళ్లి స్టవ్ మర కట్టేసి ఉందో లేదో చూసింది. మళ్లీ చూసింది. కూతురు పాచికలూ పెన్సిలూ రబ్బరూ డబ్బాలో సర్దింది. కాగితం మాత్రం తియ్యలేదు.

నల్లబడిన గడిలో గోధుమరంగు బొత్తం. దాని రంధ్రాల్లో ఇంకా పాత కోటు దారప్పోగు.