ఇంకా ముదరని జబ్బు

"మన గొర్రెలన్నా పండుకుంటే నోరు మూసుకుంటాయి. ఆడది గురక పెట్టడమేంది తల్లీ" అంది పెద్దసుబ్బమ్మ, అంట్లు తోముతున్న కోడలికి వినపడేటట్టు.

కొడుకు మోహన్ గురక వీధి చివరిదాకా వినిపిస్తుంది. అది కష్టపడే మగాడి నిద్ర, పిల్లలు కూడా చప్పుడు చేయకూడదు. కోడలు అనురాధ గురక మాత్రం ఇంటికి నామర్దా. అందుకే ఆమె పడక వంటింట్లోకి మారింది.

అనురాధ జమ్మలమడుగులో ఒక ప్రైవేటు బడి వ్యానులో ఆయా. పొద్దున లేచింది మొదలు ఆమె కూర్చునేది ఆ వ్యానులోనే. కూర్చుంటే చాలు, కళ్లు మూతలు పడేవి. ఒకనాడు అలా కునుకు పట్టినప్పుడు ఎల్‌కేజీ పాప తనది కాని ఊళ్లో దిగిపోయింది. ఎవరో రైతు పాపను చేయి పట్టుకుని తెచ్చి అప్పగించాడు. పాప ఏడవలేదు, అనురాధే ఏడ్చింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పరీక్ష చేసి, "నిద్రలో నీకు ఊపిరి ఆగి ఆగి వస్తాందమ్మా. గాలి ఊదే మిషను ముక్కుకు పెట్టుకొని పండుకుంటే పగలు ఈ మత్తుండదు" అంది డాక్టరు దీప్తి.

ఆరోగ్య కార్డుల కౌంటరులో సుధీర్ అనే ఉద్యోగి చీటీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మైల్డ్ అని రాసినారు గదమ్మా. దీనికి కార్డు పనికిరాదు. ముదిరితే రాండి, అప్పుడు చూద్దాం."

తిరుగు బస్సులో, తోడు వచ్చిన మోహన్ ముఖం విప్పారింది. "మైల్డంట. ఏమీ లేదు. ఊరికే భయపడితి."

"మనమే కొనుక్కుందామా మిషను?"

"ముక్కుకు గొట్టం పెట్టుకొని పండుకునే పెండ్లాన్ని యాడన్నా చూసినామా? ఊరుకో."

ఊరుకుంది. కానీ కిటికీలోంచి కనపడే ప్రతి గట్టు మీదా ఆ పాప ఒంటరిగా నిలబడి ఉన్నట్టే అనిపించింది. మర్నాడు తనే వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ సుధారాణికి జబ్బు సంగతి చెప్పింది. "నయమైనాక రా అనురాధా" అంది ఆమె, మెత్తగానే.

ముదిరినాక రమ్మంది ఆసుపత్రి. నయమైనాక రమ్మంది బడి. ఆ రెంటికీ మధ్య మిగిలింది ఇల్లే.

"మంచిపని చేసినావు" అంది పెద్దసుబ్బమ్మ. "ఇంగ పగలంతా ఈడనే వుంటావు. గొర్రెపిల్లల్ని గూడా నువ్వే చూసుకుందువు."

"ఈడైతే నేను నిద్రపోయినా పోయేది నా పానమొక్కటే గదత్తా."

పెద్దసుబ్బమ్మ ఒక్క క్షణం కోడలి వంక చూసింది.

"సంగటి అడుగంటుతాంది, చూడు" అంది.