పింగాణి మీద నల్ల గీత

నా భార్య చేతులు శుభ్రమైనవి. వాటికి జిడ్డు అంటగట్టింది మా ఇంజనీరు. ఇందులో వాదనకి చోటు లేదు.

మా వర్క్‌షాపులో ఎక్స్‌రే ట్యూబులు చేసేవాళ్లం. ట్యూబులో గాలంతా లాగేస్తాం. వేల వోల్టులు పక్కకి దూకకుండా లోపల ఒక పింగాణి దిమ్మ ఉంటుంది. దాన్ని స్పిరిట్‌తో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి ఇవ్వడం ఆవిడ పని. వోల్టేజి పెంచడం నా పని. ఒక్కో మెట్టు పెంచి ఇరవై నిమిషాలు ఆగాలి, ఆగినట్టు పుస్తకంలో రాయాలి. పింగాణిని పట్టుకున్న గాలి ఈలోగా వదిలిపోతుంది. తొందరపడితే దాని ఒంటి మీదుగా మెరుపు పాకుతుంది.

ఆ రోజు కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారు.

"ఏమయ్యా, తపస్సు చేస్తున్నావా? పెంచు," అన్నాడు ఇంజనీరు.

"ఇంకా ఆగాలి సార్."

"నేను చెప్తున్నాగా!"

పెంచాను. టప్పుమని నీలి వెలుగు. పింగాణి మీద ఈ చివర నుంచి ఆ చివరకి నల్ల గీత.

"పుస్తకంలో ఆగాం అని రాయి," అన్నాడు నా చెవిలో. రాశాను. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు: "ఇంత ఆగినా పోయిందంటే కడిగిన చేతుల జిడ్డే."

ఆవిడ వచ్చింది. "నా చేతులకి జిడ్డా! స్పిరిట్‌లో నాని నాని ఉన్నాయి, ఈగ వాలినా జారిపడుతుంది," అంది. ఎవరూ నవ్వలేదు. పుస్తకం తీసి చూసింది. నా దస్తూరీ ఆవిడకి తెలుసు.

"నిజంగా ఆగారా, ఏమండీ?"

నేను పుస్తకం ఆవిడ చేతిలోంచి తీసుకుని మూసేశాను.

ఆవిడని ప్యాకింగ్‌కి మార్చారు. మళ్లీ నన్నేమీ అడగలేదు. నాకు అన్నం వడ్డించే ముందు మాత్రం చేతులు రెండుసార్లు కడుక్కునేది. "జిడ్డు కదా మరి," అనేది. మంచం పట్టేదాకా, నాలుగేళ్లు అదే వరస.

ఆవిడ పోయిన నెలకి ఇంజనీరు ఇంటికొచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. మంచినీళ్లిస్తే తాగి గ్లాసు కింద పెట్టాడు.

"తప్పు నాదేనయ్యా. ఆవిడ మీదకి నెట్టాను."

"ఈ ముక్క ఆవిడ ఉండగా చెప్పాల్సింది."

"నువ్వూ చెప్పలేదుగా," అన్నాడు మెల్లగా. దెప్పినట్టు అనలేదు. అదే తట్టుకోలేకపోయాను.

ఆయన వెళ్లాక గ్లాసు కడిగాను, రెండుసార్లు. ఆయన్ని క్షమించలేదు. 'ఆగాం' అని రాసిన చేతినీ క్షమించలేదు. వినాల్సిన మనిషే లేదు; ఇకమీద ఎవరు అడిగినా ఈ సంగతి నా నోట రాదు.