మేషియాన్ చూసిన పిట్టలు

మా నాన్న లూ గెన్‌బావ్ చైనాలోని వూషీ పట్నంలో ఎనామిల్ బేసిన్ల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆయన దగ్గర రెండు వందల పైచిలుకు సిరా బొమ్మలు ఉండేవి. అన్నీ పూలూ పిట్టలే, అన్నీ ఒకే మనిషి వేసినవి. ఒక్కటి కూడా ఆయన అడిగి తీసుకున్నది కాదు.

వేసింది షెన్ యున్‌చీ టీచరు. పెళ్లిళ్లకు కొనే బేసిన్లలో ఎర్ర పూలూ జంట బాతులూ వేసే గదికి ఆమె పెద్ద. టీచరు అన్నది మర్యాద కోసం పిలిచే పిలుపు. మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీస్తుంటే, ఆమె పల్చటి కాగితం పరుచుకుని నల్ల సిరాతో తన కోసం బొమ్మలు వేసుకునేది. నచ్చకపోతే ఉండచుట్టి బుట్టలో పడేసేది. ఆ బుట్టల్లోని చెత్తను కొలిమిలో కుమ్మరించడం నాన్న పని.

1978 వసంతంలో మా అమ్మ మేషియాన్ కాలవ రేవులో ఇటుకల పడవ మీంచి జారిపడింది. నడుము విరిగింది. ఆ తర్వాత ఇక మంచం దిగలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మాకున్నది ఒకటే గది. దాని కిటికీ తెరిస్తే అద్దకాల మిల్లు గోడ తప్ప ఇంకేమీ కనపడదు. అమ్మ రోజంతా ఆ గోడను చూస్తూ, సాయంత్రానికి మాట కూడా మానేసేది.

ఆ రోజుల్లోనే ఒకసారి నాన్న కొలిమిలో వేయబోయిన ఉండ ఒకటి విప్పి చూశాడు. దానిమ్మ కొమ్మ, దాని మీద పిగిలిపిట్ట. చొక్కాలో దాచి ఇంటికి తెచ్చాడు. తడిగుడ్డతో ముడతలు తీసి, వెనక మరో కాగితం మైదా జిగురుతో అంటించి, ఆరాక అమ్మ మంచానికి ఎదురుగా గోడకు పెట్టాడు.

అమ్మ చాలాసేపు చూసింది. “ఏమయ్యా, దీని కాలు చూశావా? కొమ్మని పట్టుకున్నట్టు లేదు, జారిపోతున్నట్టుంది. అందుకే పారేసుంటుంది ఆవిడ,” అంది.

“తీసెయ్యనా మరి?”

“ఉండనీ. నాలాంటిదే, తోడుంటుంది.”

అని నవ్వింది. రెండు నెలల తర్వాత అదే ఆమె మొదటి నవ్వు. నాన్న మర్నాడు మళ్లీ బుట్ట వెతికాడు.

ఆ తర్వాత నెలకో శనివారం గోడ మీద బొమ్మ మారేది. తామరాకుల చాటున లకుముకి, వెదురు మీద గోరింకలు, మంచులో ముడుచుకున్న పిచ్చుకలు. నేను బడి నుంచి రాగానే అమ్మ చదువు సంగతి తర్వాత అడిగేది. ముందు ఆ గోరింక ఎటు చూస్తోందో, ఎందుకు చూస్తోందో చెప్పమనేది. ఏ రేకు దగ్గర సిరా ఎక్కువైందో, ఏ రెక్క దగ్గర టీచరు చెయ్యి తడబడిందో నాన్నకు వివరించేది. ఆరేళ్లు అలా బతికి, 1984 చలికాలంలో పోయింది. రిటైరయ్యే వయసు దాటినా టీచరు ఆ గది వదల్లేదు, నాన్న కూడా 1997లో ఫ్యాక్టరీ మూసేదాకా బొమ్మలు తెస్తూనే ఉన్నాడు. చెక్కల మధ్య కర్పూరం వేసి మంచం కింద దాచాడు. ఏటా జూన్ వానలు వెలిశాక గదినిండా పరిచి ఆరబెట్టేవాడు.

2003లో మా పేట సాంస్కృతిక కేంద్రం వాళ్లు షెన్ టీచరు బొమ్మల ప్రదర్శన పెట్టాలనుకున్నారు. ఆమెకు డెబ్బై ఒకటి. తీరా చూస్తే, ఆమె నచ్చినవి దాచుకున్న పెట్టె ఇంటికప్పు కారి తడిసి, బొమ్మలన్నీ ఎప్పుడో ముద్దయిపోయాయట. చూపించడానికి ఏమీ లేదని తెలిసి నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చెప్పకుండా తెచ్చుకోవడం దొంగతనమేనని ఆయనకు ఎప్పటినుంచో బెంగ. మూడో రోజు, “పదవే, తీసుకెళ్లి ఇచ్చేద్దాం,” అన్నాడు.

టీచరు కళ్లజోడు పెట్టుకుని పదో పన్నెండో తిరగేసింది. మొహం బిగుసుకుంది.

“ఇవి నేను పారేసినవి.”

“అవును టీచరుగారూ.”

“పారేసినవి తెచ్చి పదిమందికీ చూపిస్తావా? నా పరువేం కావాలి, లూ?”

నాన్న తల వంచుకునే, అవి ఆవిడవేనని, కాల్చేస్తానన్నా తను అడ్డురానని అన్నాడు. “నేను ప్రదర్శన కోసం రాలేదండీ. థాంక్స్ చెబుదామని వచ్చాను. పాతికేళ్లు ఆలస్యమైంది,” అని అమ్మ సంగతంతా చెప్పాడు. అంత పొడుగ్గా ఆయన మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

టీచరు మళ్లీ బొమ్మలు తిరగేసింది. పిగిలిపిట్టను చేతిలోకి తీసుకుని, మీ ఆవిడ దీన్ని చూసి ఏమందని అడిగింది. నాన్న మొహమాటపడుతూ కాలి సంగతి చెప్పాడు.

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకుంది. “నిజమే, కాలు కుదర్లేదు. ఫ్యాక్టరీలో ఇంతమంది ఉన్నారు, ఒక్కళ్లయినా ఆ మాట అనలేదయ్యా. నా బొమ్మలు ఎవరూ చూడరనుకునేదాన్ని. మీ ఆవిడ చూసిందన్నమాట.”

అన్నీ వరసగా చూడటానికి మూడు రోజులు పట్టింది. అమ్మ చూసిన ఒక్కో బొమ్మకీ ఆమె ఏమందో టీచరు అడిగేది. నాన్న మరిచిపోయినవి నేను చెప్పాను. కొన్నింటికి ఒప్పుకుంది, కొన్నింటికి, “అది ఆమెకు తెలీదులే,” అని వాదించింది, ఎదురుగా కూర్చున్న మనిషితో గొడవపడినట్టు. చివరికి ముప్ఫై ఒక్క బొమ్మలు ఏరి, ఒక్కోదాని మీదా సంతకంగా తన పేరున్న ఎర్ర ముద్ర వేసింది. తక్కినవి నాన్నకే తిరిగిచ్చింది. ముద్ర లేనివి ఎవరికీ చూపించడానికి కావని, అవి ఇంటి మనుషుల కోసమని చెప్పింది.

ప్రదర్శనలో ప్రతి బొమ్మ కిందా ‘సేకరణ: మేషియాన్, లూ గెన్‌బావ్’ అని రాయించింది. కేంద్రం డైరెక్టరు పోయినవాళ్ల పేరెందుకని నసిగితే, అయితే ముద్రలు గీకేస్తానంది. నాన్న కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లి, బొమ్మల కంటే ఆ చీటీల ముందే ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత టీచరు ఐదేళ్లు ఉంది. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. నాన్న తీపి పంది పక్కటెముకల కూర వండేవాడు. చక్కెర ఎక్కువైందని ఆమె వంక పెట్టేది, రెండోసారి వడ్డించమనేది.