హాలీ చెట్లు కొట్టేశాక

నా భార్య మ్యూరియల్ బూడిదను ఏ ఓక్ చెట్టు కింద పోశానో నాకు తెలియడం లేదు. పోసింది నేనే, నా చేతులతోనే.

మా అడవిలో ఓక్ చెట్లను ఎవరూ గుర్తుగా పెట్టుకోరు. వందల ఏళ్ళ నాటివి. పూర్వం పొయ్యిలోకి కట్టెల కోసం మనిషి ఎత్తుకు పైన తలలు నరికేవారు. మళ్ళీ చిగిర్చి వేరే రూపం తెచ్చుకునేవి. గుర్తుకు మేం నమ్ముకునేది హాలీ చెట్టును. ముళ్ళ ఆకులు, ఎర్రటి పళ్ళు. దాన్ని నరికితే ఇంటికి కీడని ఇక్కడ ఎవరూ గొడ్డలి వేయరు. నేనూ అలాగే గుర్తు పెట్టుకున్నాను. దారి మలుపు, జంట హాలీలు, వాటి వెనక ఓక్.

పోయిన చలికాలం అడవి ఆఫీసు వాళ్ళు హాలీలన్నీ కొట్టేశారు. ముసలి ఓక్‌లకు ఎండ తగలాలట.

ఇవాళ ఆ ఓక్‌ల పెద్ద కొమ్మలు కోస్తున్నారు. బరువు తగ్గించకపోతే నిలువునా చీలిపోతాయట. కోస్తే కొన్ని తట్టుకోలేక చచ్చిపోవచ్చునట కూడా. ఒక్క చెట్టును మీ కోసం వదిలేస్తాం, చూపించమన్నాడు రేంజర్ లయనెల్. మ్యూరియల్ చెల్లెలు ఈనిడ్ కూడా వచ్చింది. నేను పిలవలేదు.

"ఇదే బావా," అంది ఒక చెట్టు చుట్టూ తిరిగి.

"ఆ రోజు గొడుగు కింద ముడుచుకుని నిలబడ్డావు. నీకేం కనిపించింది?"

"నీకంటే బాగానే కనిపించింది. ఈ తొర్రలో నీ టోపీ పెట్టావు."

"నేను టోపీ పెట్టుకుని రాలేదు."

"వచ్చావు. అక్క కొన్నదే."

గుర్తు చేసుకోబోయాను. ఒకసారి తల మీద టోపీ ఉంది. ఇంకోసారి జుట్టులోంచి వాన నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి.

"తొందరేం లేదు గ్యాడ్ గారూ," అంటూ లయనెల్ వాచీ చూసుకున్నాడు. "హాలీ మొదళ్ళు ఉన్నాయిగా, వాటిని బట్టి చూడండి."

ఎటు చూసినా మొదళ్ళే. జంట మొదళ్ళు కూడా ఒక్కచోటే కాదు, చాలాచోట్ల ఉన్నాయి.

"మా వాళ్ళెవరూ ముట్టని చెట్టయ్యా అది. నువ్వెలా కొట్టావు?"

"అదంతా మూఢనమ్మకం కదండీ."

"నా పెళ్ళాం ఎక్కడుందో చెప్పే గుర్తు కూడా అదే."

క్షమించమన్నాడు. నేను క్షమించలేదు.

వదిలేసే చెట్టుకు కట్టడానికి అతను తెచ్చిన ఎర్ర రిబ్బను లాక్కుని, తొర్ర లేని ఓక్‌కు కట్టాను. అది మ్యూరియల్ చెట్టని కట్టానా, ఈనిడ్ చూపిన చెట్టు కాదని కట్టానా? కట్టిన తర్వాత కూడా తేలలేదు.

కూలీ ఒకడు తాడు పట్టుకుని తొర్ర చెట్టెక్కాడు. రంపం మోగింది.

"ఆపండి!" అని అరిచాను.

రంపం ఆగింది. "అయితే ఇదేనా?" అన్నాడు లయనెల్.

"తెలియదు."

"ఏదో ఒకటి చెప్పాలండీ."

ఈనిడ్ కళ్ళు తుడుచుకుంది. "పోనీలే బావా. నీ పెళ్ళాం, నీ మాటే," అని రిబ్బను కట్టిన చెట్టు దగ్గరకు నడిచింది. బెరడు మీద చెయ్యి వేసి, "అక్కా, మేమిద్దరం వచ్చామే," అంది.

పోట్లాడితే ఎలా నిలబడాలో నాకు తెలుసు. ఇలా ఒప్పుకుంటే ఏం చేయాలి? వెళ్ళి తొర్ర చెట్టు కింద నిలబడ్డాను. పైన కూలీ రంపంతో ఎదురుచూస్తున్నాడు.

"గ్యాడ్ గారూ, పక్కకు జరగండి!" అని లయనెల్ కేకేశాడు.

ఏ పక్కకు జరగాలో నాకు తెలియలేదు.